మా అమ్మాయి పేరు క్లాక్ వన్

పుస్తకం వస్తే సమీక్ష రాస్తారు. సినిమా వస్తే రాస్తారు. ఆఖరికి ఆవకాయ పోటీ పెడితే రుచి చూసి మార్కులు వెయ్యడానికి ముగ్గురు పెద్దమనుషులు కూర్చుంటారు. రోజుకి పాతికసార్లు చూసే గడియారం గుణదోషాలు మాత్రం ఎవరూ విచారించగా నేను చూడలేదు. ఆ పనేదో నేనే చేద్దామని కూర్చున్నాను.

గోడ గడియారం సంగతి కాదండోయ్. కంప్యూటరు తెర అడుగున ఒక పట్టీ వుంటుంది, టాస్క్‌బారంటారు. దాని కుడి మూల ఒదిగి కూర్చునే గడియారం గురించి చెబుతున్నాను. ఆ ఒక్క గడియారం వెనకాల ఇంకో రెండు దేశాల గడియారాలు దాచుకోవచ్చు. పిల్లలు రెక్కలొచ్చి తలో దిక్కూ ఎగిరిపోయిన ఇళ్ళల్లో ఇది పంచాంగంతో సమానమైన వస్తువు.

దీని విలువ తెలియాలంటే ఇది లేని రోజులు కాస్త చెప్పాలి. అమ్మాయి డాలస్ వెళ్ళిన కొత్తలో మా అల్లుడు నాకో చిట్కా చెప్పాడు. "చలికాలమైతే పగటిని రాత్రి చేసి అరగంట కలపండి అత్తయ్యగారూ" అని. అంటే మనకి రాత్రి తొమ్మిదైతే వాళ్ళకి పొద్దున్న తొమ్మిదిన్నర. బాగానే వంటబట్టింది. ఇంతలో మార్చి రెండో ఆదివారం వచ్చింది. ఆ రోజు ఆ దేశంలో గడియారాలన్నీ గంట ముందుకి జరిపేసుకుంటారట. ఇక నవంబరు మొదటి ఆదివారం దాకా గంటన్నర కలపాలి. ఇది చాలదన్నట్టు అబ్బాయి మెల్‌బోర్న్ చేరాడు. అక్కడ మనకి ఎండాకాలమైతే వాళ్ళకి చలి. వాళ్ళు అక్టోబరు మొదటి ఆదివారం ముందుకి జరిపి, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి లాగుతారు. కొన్నాళ్ళు మనకన్నా నాలుగున్నర గంటలు ముందు, కొన్నాళ్ళు అయిదున్నర. చిన్నప్పుడు లెక్కల మేష్టారు బెత్తం పట్టుకుని నేర్పినా ఇన్ని తీసివేతలు చెయ్యలేదు నేను.

నా అవస్థ చూసి మావారు మూడు గోడ గడియారాలు కొనుక్కొచ్చి హాల్లో వరసగా తగిలించారు, హోటలు రిసెప్షన్లో లాగా. చూసినవాళ్ళంతా మురిసిపోయారు గాని, ఏడాదికి నాలుగుసార్లు స్టూలెక్కే భాగ్యం నాది. ఒకసారి బ్యాటరీ అయిపోయిన సంగతి చూసుకోలేదు. రెండ్రోజులపాటు మా అమ్మాయి దేశంలో ఎప్పుడు చూసినా నాలుగుంబావే!

ఆ పరిస్థితిలో మా అక్క కొడుకు వచ్చాడు. కంప్యూటర్ల ఉద్యోగం వాడిది. "ఇన్నాళ్ళూ స్టూలెందుకెక్కావు పిన్నీ? 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచీ ఈ సదుపాయం వుందిగా" అని నాలుగుసార్లు మౌసు నొక్కి డాలస్‌నీ మెల్‌బోర్న్‌నీ మూలన కూర్చోబెట్టేశాడు.

ముందు మంచి చెప్పాలి కదా. ఈ గడియారాలు వాటంతట అవే సర్దుకుంటాయి. మార్చి ఆదివారాలు, అక్టోబరు ఆదివారాలు వాటికి కంఠతా వచ్చు. అక్కడ వెనక్కి జరిపితే ఇవీ జరుపుకుంటాయి, మనకి చెప్పనైనా చెప్పవు. పైగా టైము పక్కన వారం పేరు కూడా వేస్తాయి. మనకి సోమవారం తెల్లవారినా అమ్మాయికింకా ఆదివారం రాత్రే జరుగుతోందని గుర్తు చెయ్యడం చిన్న ఉపకారమేం కాదు. ఈ రెండు విషయాల్లోనూ నూటికి నూరు మార్కులు వేస్తున్నాను.

ఇక మిగతా సంగతి.

మొదటిది దాపరికం. మామూలుగా పట్టీ మీద కనబడేది మన వూరి టైమొక్కటే. మిగతా రెండూ కావాలంటే మౌసు బాణాన్ని తీసుకెళ్ళి దాని మీద ఆనించి ఒక్క క్షణం ఓపిక పట్టాలి. అప్పుడు చిన్న చీటీ లేస్తుంది, బాణం తీస్తే మాయమవుతుంది. గోడ గడియారాలకి ఎన్ని లోపాలున్నా ఈ లోపం లేదండీ. పప్పు తాలింపు వేస్తూ తల తిప్పితే చాలు, "ఓహో, అమ్మాయి ఆఫీసుకి బయల్దేరుతూ వుంటుంది" అనిపించేది. అడక్కుండా తెలిసేది. ఇది అడిగితేనే చెబుతుంది. అడిగి తెలుసుకోవలసినవాటిని పనిలో పడి అడగడమే మరిచిపోతాం.

రెండోది కొరత. అదనంగా రెండే గడియారాలు పెట్టనిస్తుంది. మా పక్కింటి పిన్నిగారికి ముగ్గురు పిల్లలు, ఒకరు న్యూజెర్సీ, ఒకరు లండను, ఒకరు సింగపూరు. "ఇదేమిటే తల్లీ, వీళ్ళకీ ఎర్ర త్రికోణం పట్టిందా?" అన్నారావిడ. మా తరంవాళ్ళకి బస్సుల మీద, గోడల మీద చూసిన ఆ కుటుంబనియంత్రణ గుర్తు అంత తొందరగా మరుపు రాదు. ముగ్గుర్లో ఎవర్ని తీసెయ్యాలో తేల్చుకోలేక ఆవిడ అసలెవర్నీ పెట్టుకోలేదు కొన్నాళ్ళు.

మా అక్క కొడుకు దీనికి ఒప్పుకోడు. వాడి కంప్యూటర్లో విండోస్ లేదు, లినక్స్ వుంది. అందులో కేడీఈ ప్లాస్మా అనే రకంలో గడియారానికి ఎన్ని వూళ్ళైనా తగిలించుకోవచ్చునట. గడియారం మీద బాణం పెట్టి మౌసు చక్రం తిప్పితే వూరు తరవాత వూరు వస్తూ వుంటుంది. చూపించాడు. జపమాల పూసల్లా లండను, న్యూయార్కు, సింగపూరు దొర్లుతున్నాయి. పిన్నిగారు చూస్తే ఎంత సంతోషించేవారో అనుకున్నాను. కాని పొరపాటున చక్రం తగిలి న్యూయార్కు దగ్గర ఆగిపోయిందనుకోండి, పక్కన చిన్న అక్షరాల్లో వున్న వూరి పేరు చూసుకోని మనిషి గతేమిటి? మధ్యాహ్నం కూడా తెల్లవారలేదనుకుని పాలవాడి కోసం చూస్తూ కూర్చుంటుంది.

ఆ లినక్స్‌లో వూరు వెతకబోతే ఇంకో చిత్రం. డాలస్ లేదు. "షికాగో నొక్కు పిన్నీ" అన్నాడు. మా అమ్మాయి షికాగో మొహం కూడా చూడలేదు. హైదరాబాదు వెతికాను. అదీ లేదు. మన దేశం మొత్తానికి కోల్‌కతా అని ఒక్కటే వుంది. విండోస్‌వాళ్ళు కాస్త ఉదారంగా చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని నాలుగు పేర్లు కలిపి రాశారు గాని అందులోనూ మనం లేము.

ఇదేం అన్యాయమని అడిగితే వాడు వివరించాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడ గడియారాలు ఎప్పుడెప్పుడు మార్చారో రాసిపెట్టిన పట్టిక ఒకటి వుందట. లినక్స్ గడియారాలన్నీ దాన్ని చూసే నడుస్తాయి. 1970 జనవరి 1 నుంచి ఏ ప్రాంతాల్లో గడియారాలు ఒకేలా నడిచాయో వాటన్నిటికీ కలిపి ఒక్క వూరి పేరు పెడతారు. మామూలుగా జనం ఎక్కువున్న వూరిది. సరే, లెక్కకి లెక్క బాగానే వుంది. కాని ఆ పేరు కోల్‌కతాకి దక్కడం చూస్తే నాకు నవ్వాగలేదు. దేశమంతటికీ ఒకే టైమని 1906లో పెట్టినప్పుడు, మా టైము మాదేనని మొండికేసిన వూళ్ళలో అదొకటి! సుమారు 24 నిమిషాలు ముందుకి పెట్టుకుని 1948 దాకా అలాగే గడిపింది. బొంబాయి అయితే 1955 దాకా దిగిరాలేదు. అలా చివరిదాకా విడిగా వున్న వూరి పేరుతో ఇప్పుడు మన అందరి గడియారాలూ నడుస్తున్నాయి. ఇంట్లో ఎప్పుడూ వేరే వంట వండుకున్న కోడలికే ఆఖరికి తాళంచెవులు అందినట్టుంది.

నిజానికి న్యాయంగా చూస్తే ఆ పేరు మన గోదావరి జిల్లా పరిసరాలకి రావాలి. మన టైముకి ఆధారం 82న్నర డిగ్రీల తూర్పు రేఖాంశం. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది గనక గ్రీనిచ్ నుంచి లెక్క వేస్తే అయిదున్నర గంటలు. మనందరి పిల్లల దగ్గరా తలనొప్పి తెచ్చే ఆ 'అర' వచ్చింది ఇక్కడి నుంచే. ఆ గీత ఉత్తరాన మీర్జాపూరు దగ్గర నుంచి దిగి, కాకినాడకి కాస్త తూర్పుగా, తుని పక్కగా వెళ్ళి సముద్రంలో పడుతుంది. ఎప్పుడైనా రైల్లో తుని దాటుతుంటే కిటికీలోంచి ఓసారి చూడండి. కనబడేదేం వుండదు, తాటిచెట్లే. అయినా సరే.

ఇంకో మాట. విండోస్ జాబితాలో ప్రతి వూరి ముందూ గ్రీనిచ్‌కి ఎన్ని గంటల తేడానో రాసి వుంటుంది. డాలస్ వుండే ప్రాంతానికి ఆరు గంటలు వెనక అని రాస్తారు. అది చలికాలపు లెక్క. ఎండాకాలంలో నిజంగా వుండే తేడా అయిదే. గడియారం సరిగ్గానే చూపిస్తుంది గాని జాబితాలో అంకె మాత్రం ఏడాది పొడుగునా మారదు. దాన్ని నమ్ముకుని నోటిలెక్క వేసిన పుణ్యాత్ములు ఎండాకాలమంతా గంట తప్పుతారు. ఇంత తెలివైన యంత్రం ఈ చిన్న సంగతి దగ్గర ఎందుకు బద్ధకించిందో మరి.

అసలు నేను చెప్పదలుచుకున్నది వీటన్నిటికన్నా వేరు. ఆ రెండు గడియారాలకీ పేర్లు పెట్టుకునే గడి వుంటుంది. ఆ గడి ఖాళీగా వుండదు. అందులో ముందే క్లాక్ వన్, క్లాక్ టూ అని రాసి పెట్టి వుంటుంది. మా అక్క కొడుకు తొందరలో అవి మార్చలేదు. నేనూ మార్చలేదు. ఖాళీగా వదిలి వుంటే ఏదో ఒకటి రాసేదాన్నే. రాసి వున్నదాన్ని కొట్టెయ్యడానికి మనకెందుకో చెయ్యి రాదు. అలా మా అమ్మాయి క్లాక్ వన్, అబ్బాయి క్లాక్ టూ అయిపోయారు. ఏడాదిపైన గడిచింది.

2023 జనవరిలో ఒకరోజు మధ్యాహ్నం పన్నెండున్నర వేళ కంప్యూటరు ముందు కూర్చుని కరెంటు బిల్లు కడుతున్నాను. మావారు లోపల్నించి పిలిచారు. గొంతు మామూలుగా లేదు. వెళ్ళి చూస్తే చొక్కా తడిసి ముద్దయి వుంది, ఎడంచెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చున్నారు. ఎదురింటి కుర్రాడు కారు తీసుకొస్తానని పరిగెత్తాడు. ఆ రెండు నిమిషాల్లో ఇన్సూరెన్సు కాగితాల కోసం కంప్యూటరు దగ్గరికి వచ్చిన నేను ఏం చేశానో తెలుసా? బాణం తీసుకెళ్ళి మూలన ఆనించాను. క్లాక్ వన్ ఒంటిగంట, రాత్రి. క్లాక్ టూ సాయంత్రం ఆరు. ఒంటిగంటకి ఏం లేపుతాం, పొద్దున్నే ఆఫీసు. ఆరింటికి వాడు రైల్లో వుంటాడు, కంగారుపడి ఏ స్టేషన్లో దిగిపోతాడో. వాడికి చెబితే వెంటనే అక్కకి చేస్తాడు కూడాను. ఇద్దరికీ చెయ్యలేదు. అంత కంగారులోనూ ఇంత ఆలోచన ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. కాళ్ళు వణుకుతున్నాయి గాని బుర్ర చక్కగా లెక్కలు వేసింది.

స్టెంటు వేశారు. దేవుడి దయవల్ల గండం గడిచింది. సాయంత్రం ఆరింటికి, డాక్టరుగారు ఫరవాలేదన్నాక, అమ్మాయికి ఫోను చేశాను. అక్కడ పొద్దున్న ఆరున్నర. నిద్ర లేచే టైమని చూసుకునే చేశాను. అంతా చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఎన్నింటికమ్మా?" అంది.

"మనకి పన్నెండున్నర. మీకు ఒంటిగంట. పడుకుని వుంటావని..."

"నేను పడుకోలేదమ్మా. బాబుకి జలుబు చేసి ఊపిరాడక ఏడుస్తుంటే రెండింటి దాకా భుజాన వేసుకుని హాల్లో తిరుగుతున్నాను. ఫోను చేతిలోనే వుంది." మళ్ళీ కాసేపాగి, "పోనీ పడుకునే వున్నాననుకో. నాన్నకి అలా వుంటే లేపకూడదా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. తరవాత వారంరోజులు రోజూ ఫోను చేసింది. "నాన్నెలా వున్నారు, మందులు వేసుకున్నారా" అని రెండు మాటలడిగి పెట్టేసేది. అబ్బాయి మాత్రం గట్టిగానే కేకలేశాడు. మగపిల్లలు కేకలేస్తే తేలిక, అక్కడితో పోతుంది.

గడియారం మీద నింద వెయ్యడం లేదు నేను. అది చూపించిన టైము సరైనదే. చూసి మానుకున్నది నేనే. కాని సమీక్ష రాస్తున్నాను గనక ఒకటి చెప్పక తప్పదు. అది వచ్చాక నేను పిల్లలకి ఫోను చెయ్యడం తగ్గింది. ఇదివరకు లెక్క తప్పో ఒప్పో చేసేసేదాన్ని. పొరపాటున తెల్లారగట్ల మూడింటికి లేపితే "అమ్మా!" అని విసుక్కుంటూనే పావుగంట మాట్లాడేది. ఇప్పుడు ముందు మూలకి చూస్తాను. ఆఫీసు టైము, వంట టైము, బాబుని పడుకోబెట్టే టైము. చూసినప్పుడల్లా మానుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఎప్పుడు చెయ్యకూడదో చెప్పడంలో దానికి సాటి లేదు. ఆ అంకెల్లో రాత్రి ఒంటిగంటకీ పగలు ఒంటిగంటకీ వున్న తేడా రెండు ఇంగ్లీషు అక్షరాలు. అవతల దీపం వెలుగుతోందా, ఆర్పేశారా అన్నది అందులో వుండదు. అదే కంప్యూటర్లో ఇంకోచోట ప్రపంచపటం మీద రాత్రి ఎక్కడుందో నీడలా చూపించే గడియారం వుంది. చూడ్డానికి అందంగా వుంటుంది. దానికీ ఆ దీపం సంగతి తెలియదు.

మరుసటి ఏడాది డాలస్ వెళ్ళాం. ఒకరోజు అమ్మాయి ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటూ కాఫీ కోసం లేచింది. కుర్చీ ఖాళీగా వుంటే కూర్చున్నాను. అలవాటు కదా, బాణం మూలకి తీసుకెళ్ళాను. దాని కంప్యూటర్లోనూ మన టైము పెట్టి వుంది. మురిసిపోయాను. పక్కన పేరు చూద్దును కదా, 'ఆఫ్‌షోర్' అని వుంది! హైదరాబాదులో వాళ్ళ కంపెనీ మనుషులతో మీటింగులుంటాయట, వాళ్ళకోసం పెట్టుకున్నది. "అదే టైము కదమ్మా నీదీను. నీకు వేరే గడియారమెందుకు?" అని నవ్వింది. "నువ్వు నన్ను ఏమని పెట్టుకున్నావు?" అని అడిగింది. చెప్పాను. ఇంకా గట్టిగా నవ్వింది. ఆ జనవరి తరవాత అది అలా నవ్వడం నేను వినడం అదే మొదలు.

తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని ఆ గడులు వెతికి పేర్లు మార్చడం. క్లాక్ వన్ కొట్టేసి 'బుజ్జి' అని, క్లాక్ టూ కొట్టేసి 'చిన్నాడు' అని రాశాను. తెలుగులోనే రాశాను, తీసుకుంది. పేరు మారిస్తే టైమేం మారదు, నాకూ తెలుసు. కాని 'బుజ్జి, రాత్రి ఒంటిగంట' అని కనబడితే అది పడుకుందో, పిల్లాణ్ణి ఎత్తుకుని తిరుగుతోందో అన్న అనుమానమైనా వస్తుంది. పక్కింటి పిన్నిగారి కంప్యూటర్లో కూడా నేనే కూర్చుని న్యూజెర్సీ, లండను పెట్టి పేర్లు రాసిపెట్టాను. మిగిలింది సింగపూరు అబ్బాయి. వాడి కోసం మా హాల్లోంచి తీసేసిన గోడ గడియారం పట్టుకెళ్ళి ఆవిడ వంటింట్లో తగిలించాను. సింగపూరులో ముందుకీ వెనక్కీ జరిపే గొడవ లేదు, ఎప్పుడూ మనకన్నా రెండున్నర గంటలు ముందు. "ముగ్గుర్లో వీడే నాకు ఎప్పుడూ కనబడుతున్నాడే" అంటున్నారావిడ ఇప్పుడు.

మొన్న జూన్‌లో ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోను మోగింది. అమ్మాయి. వాళ్ళకి మధ్యాహ్నం పన్నెండున్నర, అన్నం తినే వేళ.

"పడుకున్నావా అమ్మా?" అంది.

"ఆఁ, పడుకున్నాను. చెప్పు" అన్నాను.